ఇంటి బడ్జెట్‌కు అసమీకరణాలు: ‘మించకూడదు’, ‘తగ్గకూడదు’ అన్న మాటలతో నెల లెక్క వేసే పద్ధతి

చాలా ఇళ్లలో బడ్జెట్ అంటే డైరీలో ఒక పట్టిక. అద్దెకు ఇంత, పాలకు ఇంత, కూరగాయలకు ఇంత అని వరుసకో అంకె. కూరగాయలకు 2,500 అని రాసుకున్నాక ఒక్క వారం టమాటా ధర మండితే చాలు, ఆ అంకె తప్పుతుంది. దాన్ని సర్దబోతే ఇంకో రెండు తప్పుతాయి. పదిహేనో తారీఖు వచ్చేసరికి డైరీ అటకెక్కుతుంది.

ప్రతి వరుసనూ ‘సమానం’ గుర్తుతో రాయడం వల్లే ఈ ఇబ్బంది. ఇంటి ఖర్చుల్లో నిజంగా సమానం అనదగ్గవి అద్దె, ఈఎంఐ, స్కూలు ఫీజు లాంటివి కొన్నే. మిగతావన్నీ ఒక కింది హద్దుకూ ఒక పై హద్దుకూ మధ్య తిరుగుతుంటాయి. ఆ హద్దుల్ని హద్దులుగానే రాస్తే అది రేఖీయ అసమీకరణం అవుతుంది. అలా రాసినప్పుడు నెల మొదటి రోజునే రెండు సంగతులు తేలతాయి: ఎంత వెసులుబాటు ఉంది, ఏ షరతు దగ్గర బిగుసుకుంటోంది. ఎక్కడ తగ్గించుకోవాలన్న నిర్ణయం ఈ రెండో దాని మీదే ఆధారపడుతుంది.

పదో తరగతి లెక్కలు వస్తే సరిపోతుంది. కింది ఉదాహరణల్లో బజారు ధరలు, జీతాలు లెక్క నడవడానికి వేసుకున్నవి. మీ కిరాణా కొట్టు ధరలు, మీ పే స్లిప్పు అంకెలు వాటి స్థానంలో పెట్టుకోండి. కరెంటు టారిఫ్, ప్రభుత్వ పథకాల వివరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

మాటను గుర్తుగా మార్చడం

లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. కూడికలు, భాగహారాల దగ్గర తప్పేవాళ్లు తక్కువ.

‘మహా అయితే’, ‘మించకుండా’, ‘దాటకుండా’, ‘లోపు’ అన్న మాటలు వినిపిస్తే గుర్తు ≤. ‘ఎంత లేదన్నా’, ‘కనీసం’, ‘తక్కువలో తక్కువ’, ‘తగ్గకుండా’ అంటే గుర్తు ≥. ‘ఎంత లేదన్నా నెలకు 30 కిలోల బియ్యం కావాలి’ అన్నది బ ≥ 30. ‘ఆటోలకు మహా అయితే పదిహేను వందలు’ అన్నది ఆ ≤ 1,500.

పాఠ్యపుస్తకాల్లో ఎక్స్, వై అని రాస్తారు. ఇంటి లెక్కకు వస్తువు మొదటి అక్షరం పెట్టుకుంటే నాలుగు రోజుల తర్వాత చూసినా అర్థమవుతుంది. అయితే అక్షరం వస్తువు పేరు కాదు, ఒక పరిమాణం. ‘ప అంటే పప్పు’ అని వదిలేస్తే కిలోలా, రూపాయలా, వారానికా, నెలకా అన్నది తేలదు. ‘ప = నెలకు కొనే కందిపప్పు, కిలోల్లో’ అని పూర్తిగా రాయండి. పాలు రోజు లెక్క, బియ్యం బస్తా లెక్క, గ్యాసు సిలిండరు లెక్క, ఇన్సూరెన్సు ఏడాది లెక్క. ఇవన్నీ నెల లెక్కలోకి వచ్చాకే ఒక వరుసలో కలవాలి. సిలిండరు 45 రోజులు వస్తుంటే నెల ఖర్చు దాని ధరలో 30/45 వంతు, అంటే మూడింట రెండు వంతులు.

‘అద్దె జీతంలో మూడో వంతు దాటకూడదు’ లాంటి పోలికల దగ్గర గుణకం తప్పు వైపు పడుతుంటుంది. మూడు అన్న మాట వినగానే అ ≤ 3జ అని రాసేస్తారు. అంకెలు పెట్టి చూడండి. జీతం 45,000, అద్దె 20,000 అనుకుంటే మాట ప్రకారం ఆ అద్దె ఎక్కువ, ఎందుకంటే మూడో వంతు 15,000 మాత్రమే. కానీ 20,000 ≤ 1,35,000 నిజమే కాబట్టి మన అసమీకరణం సరేనంటోంది. అంటే తప్పు రాశాం. సరైనది 3అ ≤ జ; 60,000 ≤ 45,000 అబద్ధం, అద్దె కుదరదని అదే చెబుతుంది. కొత్తగా ఏ షరతు రాసినా, కుదరదని మీకు ముందే తెలిసిన ఒక జత అంకెల్ని ఇలా అందులో పెట్టి చూడండి. అది కాదంటేనే ముందుకు వెళ్లండి.

ముందు కనీసాల మొత్తం చూడండి

ఉప్పల్‌లో అద్దెకుంటున్న నలుగురి కుటుంబాన్ని తీసుకుందాం. పీఎఫ్, 200 రూపాయల ప్రొఫెషనల్ ట్యాక్స్ పోగా చేతికొచ్చేది 46,000. కదలని ఖర్చులు: అద్దె, మెయింటెనెన్స్ కలిపి 14,500, స్కూలు ఫీజు 4,000, బండి ఈఎంఐ 3,200, ఫోన్లు, ఇంటర్నెట్ 1,050, కరెంటు 900, గ్యాసు 900, పొదుపు 4,000.

ఇక్కడితో ఆపితే బడ్జెట్ జూన్‌లోనో సంక్రాంతికో కూలుతుంది. స్కూలు తెరిచేటప్పుడు పుస్తకాలు, యూనిఫాంలకు 12,000. దసరా, సంక్రాంతి బట్టలకు, ఊరికి రాకపోకలకు 15,000. ఎల్ఐసీ ప్రీమియం 18,000. మొత్తం 45,000, పన్నెండుతో భాగిస్తే నెలకు 3,750. ఈ వాటాను ప్రతి నెలా వేరే ఖాతాలో వేయాలి. జీతం ఖాతాలోనే ఉంచితే అది మిగులులా కనిపించి ఖర్చయిపోతుంది.

కదలనివన్నీ కలిపి 32,300. మిగిలింది 13,700. వంటింటికి వ, రాకపోకలకు ర, చిల్లర ఖర్చులకు చ అనుకుంటే:

వ + ర + చ ≤ 13,700
వ ≥ 9,000
ర ≥ 2,600
చ ≥ 1,500

ఇంకేమీ చేయకముందు కనీసాల్ని కూడండి: 9,000 + 2,600 + 1,500 = 13,100. ఇది 13,700కు లోబడి ఉంది, కాబట్టి నెల గడుస్తుంది. వెసులుబాటు 600. కనీసాల మొత్తమే 13,700 దాటి ఉంటే ఎలా సర్దినా కుదిరేది కాదు. ఆ సంగతి ఒకటో తారీఖున తెలిస్తే ఒక షరతును మార్చుకోవచ్చు, ఇరవై నాలుగో తారీఖున తెలిస్తే చేబదులు తెచ్చుకోవాలి.

వంటింటికి పై హద్దు 13,700 − 2,600 − 1,500 = 9,600. అంటే వంటింటి ఖర్చు 9,000, 9,600ల మధ్య ఎక్కడున్నా బడ్జెట్ తప్పినట్టు కాదు. ఇదే లెక్కన రాకపోకలకు పై హద్దు 3,200, చిల్లరకు 2,100. కానీ మూడూ ఒకేసారి వాటి పై హద్దుకు చేరలేవు. 600 ఒకటే, మూడూ దాన్నే పంచుకోవాలి. ఇంట్లో ఒకరు వంటింటి పై హద్దు, మరొకరు పెట్రోలు పై హద్దు గుర్తుపెట్టుకుని విడివిడిగా ఖర్చు పెడితే నెలాఖరుకు లోటు వచ్చేది ఇందుకే. అందరూ చూసే కాగితం మీద 9,600, 3,200 అని కాకుండా ‘ఉమ్మడి వెసులుబాటు: 600’ అని రాయండి. ఎవరు వాడితే వాళ్లు అందులోంచి కొట్టేయాలి.

రాకపోకల గుణకాల దగ్గర ఒక మాట. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకు టికెట్ లేదు. ఇంట్లో ఉద్యోగానికి వెళ్లే మహిళ ఆ బస్సుల్లో తిరిగితే ఆ ప్రయాణాల గుణకం సున్నా, ఎన్ని రోజులు వెళ్లినా మొత్తం మారదు. బస్సు దిగాక ఎక్కే షేర్ ఆటో గుణకం మాత్రం సున్నా కాదు. దాన్ని విడిగా రాయాలి.

ఒక్క తెలియని రాశితో తేలే లెక్కలు

గృహప్రవేశం భోజనాలు చూద్దాం. మొత్తం 60,000 పెట్టగలరు. షామియానా, కుర్చీలు, పూజ ఖర్చులు 18,000. ప్లేటు 240. అతిథులు అ అయితే:

18,000 + 240అ ≤ 60,000
240అ ≤ 42,000
అ ≤ 175

ఇదే లెక్కను ‘చేతిలో మిగిలేది సున్నాకు తగ్గకూడదు’ అని రాస్తే 42,000 − 240అ ≥ 0 వస్తుంది, అక్కణ్ణుంచి −240అ ≥ −42,000. రుణ సంఖ్యతో భాగించినప్పుడు గుర్తు తిరగబడాలి. మరిచిపోతే అ ≥ 175 వస్తుంది, అంటే ‘175 మందికి తగ్గకుండా పిలవండి’ అని అర్థం. ఈ చిక్కు రాకుండా ఉండాలంటే రుణ పదాన్ని రెండో వైపుకు పంపండి: 42,000 ≥ 240అ. భాగించేది ధన సంఖ్యే కాబట్టి గుర్తు కదలదు.

పిలిచిన వాళ్లంతా రారు. పదిమందిలో ఎనిమిది మంది వస్తారని మీ అంచనా అయితే, పిలుపులు ప కి 0.8ప ≤ 175, అంటే ప ≤ 218.75. ఇది 219 కాదు, 218. అసమీకరణాల్లో సగం దాటితే పైకి అన్న మామూలు సవరింపు పనికిరాదు. ≤ అయితే ఎప్పుడూ కిందికి, ≥ అయితే ఎప్పుడూ పైకి.

క్యాటరింగ్ వాళ్లు కనీసం 150 ప్లేట్లకు బిల్లు అని చెబితే, 120 మంది వచ్చినా 36,000 కట్టాలి. అలాంటప్పుడు 150 కంటే తక్కువ పిలిచి మిగుల్చుకునేది ఏమీ ఉండదు.

ఇంకో లెక్క బేగంబజార్ ప్రయాణం. వీధి చివర కొట్టు కంటే అక్కడ కందిపప్పు కిలోకు 12 రూపాయలు తక్కువ అనుకుందాం. వెళ్లిరావడానికి పెట్రోలు, పార్కింగ్ కలిపి 160. లాభం ఉండాలంటే 12ప ≥ 160, అంటే ప ≥ 13.33, కిలోల్లో 14. నెలకు 5 కిలోలు వాడే ఇంట్లో పురుగు పట్టకుండా మూడు నెలలు నిలవ ఉంచగలరనుకుంటే ప ≤ 15. అంటే 14 లేదా 15 కిలోలు కొంటేనే ఆ ప్రయాణం గిట్టుతుంది, అదీ పదీ ఇరవై రూపాయలే. పప్పు ఒక్కదాని కోసం వెళ్లడం దండగ. ఎండుమిర్చి కిలోకు 40, చింతపండు కిలోకు 30 తక్కువ వస్తుంటే 12ప + 40మ + 30చ ≥ 160 అని రాసుకోండి. 5 కిలోల పప్పు, 2 కిలోల మిర్చి, కిలో చింతపండుకే ఎడమ వైపు 60 + 80 + 30 = 170 అవుతుంది. వేసవిలో ఏడాది కారం, పచ్చళ్ల సరుకు కొనేటప్పుడు ఈ ప్రయాణం బాగా కలిసొస్తుంది.

నెల పాసు తీసుకోవాలా, రోజూ టికెట్టు కొనాలా అన్నదీ ఇలాంటిదే. పాసు 1,400, రానుపోను టికెట్లు 70, నెలలో వెళ్లే దినాలు ద అయితే 70ద ≥ 1,400, ద ≥ 20. వారానికి మూడు రోజులే హైటెక్ సిటీ ఆఫీసుకు వెళ్లేవాళ్లకు నెలకు 15 రోజులు దాటవు. వాళ్లకు పాసు నష్టం.

రెండు తెలియని రాశులు: పప్పు, గుడ్లు, గ్రాఫు కాగితం

రెండు రాశులు వచ్చాక జవాబు ఒక అంకె కాదు, కాగితం మీద ఒక మేర. పాత సిలబస్‌లో పదో తరగతి చదివినవాళ్లకు లీనియర్ ప్రోగ్రామింగ్ పాఠం గుర్తుండే ఉంటుంది, ఇది అదే.

ఇంట్లో నెలకు సరిపడా మాంసకృత్తులు తక్కువ ఖర్చులో రావాలి. 1958 నుంచి హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, తార్నాక దగ్గరిది, 2020లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 65 కిలోల పురుషుడికి 54 గ్రాములు, 55 కిలోల స్త్రీకి 46 గ్రాములు. పది పన్నెండేళ్ల పిల్లలిద్దరికి తలా 32 దాకా వేసుకుంటే రోజుకు 164, నెలకు 4,920 గ్రాములు. 30 కిలోల బియ్యం నుంచి, కిలోకు సుమారు 80 చొప్పున, 2,400 వస్తాయి. రోజుకో లీటరు పాల నుంచి, లీటరుకు సుమారు 32 చొప్పున, 960 వస్తాయి. ఇంకా కావలసినవి 1,560. ఇది కింది హద్దు కాబట్టి పైకి సవరించి 1,600 అందాం.

కందిపప్పు కిలోలో సుమారు 220 గ్రాములు, ఒక గుడ్డులో 6 గ్రాములు. పప్పు కిలో 130, గుడ్డు 7 రూపాయలు. ఈ రెంటికీ కలిపి వంటింటి డబ్బులో 1,500 మించకూడదు. నెలకు 5 కిలోలు దాటితే పప్పు ఎవరూ తినరు. పిల్లలకు రోజుకో గుడ్డు పెట్టాలి, అంటే నెలకు కనీసం 60. నెలకు కొనే పప్పు ప కిలోలు, గుడ్లు గ అయితే:

220ప + 6గ ≥ 1,600 (మాంసకృత్తులు)
130ప + 7గ ≤ 1,500 (డబ్బు)
ప ≤ 5
గ ≥ 60

గ్రాఫు కాగితం మీద అడ్డంగా పప్పు, ఒక సెంటీమీటరుకు ఒక కిలో. నిలువుగా గుడ్లు, ఒక సెంటీమీటరుకు 20. నిలువు అక్షం 280 దాకా, అంటే 14 సెంటీమీటర్లు కావాలి. కాగితాన్ని నిలువుగా పెట్టుకోండి.

ప్రతి అసమీకరణాన్నీ ముందు సమీకరణంగా అనుకుని గీత గీయాలి. గీతకు రెండు బిందువులు చాలు. మాంసకృత్తుల గీతకు ప = 0 దగ్గర గ = 266.7; ప = 5 దగ్గర గ = 83.3. డబ్బు గీతకు ప = 0 దగ్గర 214.3; ప = 5 దగ్గర 121.4. ప = 5 నిలువు గీత, గ = 60 అడ్డ గీత.

తర్వాత గీతకు ఏ వైపు పనికొస్తుందో చూడాలి. ఏ గీత మీదా లేని (0, 0) బిందువును పెట్టండి. 0 ≥ 1,600 అబద్ధం, కాబట్టి మాంసకృత్తుల గీతకు మూలబిందువు ఉన్న వైపు పనికిరాదు. 0 ≤ 1,500 నిజం, డబ్బు గీతకు ఆ వైపే పనికొస్తుంది. పుస్తకాల్లో పనికొచ్చే వైపు గీతలు కొట్టమంటారు. నాలుగు షరతులకు అలా కొడితే ఏది ఎక్కడ కలిసిందో కనిపించదు. పనికిరాని వైపు పెన్సిలుతో కొట్టేయండి. చివరికి తెల్లగా మిగిలిన చోటే సాధ్యమైన ప్రాంతం.

ఇక్కడ తెల్లగా మిగిలేది సన్నటి త్రిభుజం. గ ≥ 60 గీత దాన్ని అసలు తాకదు. మాంసకృత్తుల షరతే ఎలాగూ 83 గుడ్లకు పైన అడుగుతోంది. అంటే ఆ షరతు వదులుగా ఉంది, దాన్ని 50కి తగ్గించినా ఖర్చులో ఒక్క రూపాయి మారదు. ఈ త్రిభుజానికి హద్దులు మిగతా మూడే.

ఖర్చు తక్కువయ్యే చోటు ఎప్పుడూ మూలల్లోనే దొరుకుతుంది, లోపల వెతకక్కర్లేదు. మూలలు మూడు: (5, 83.3) దగ్గర ఖర్చు 1,233, (5, 121.4) దగ్గర 1,500, రెండు ఏటవాలు గీతలు కలిసే (2.9, 160.5) దగ్గరా 1,500. మొదటిదే మేలు. గుడ్లు ముక్కల్లో రావు కాబట్టి 5 కిలోల పప్పు, 84 గుడ్లు. మాంసకృత్తులు 1,100 + 504 = 1,604, సరిపోయాయి. ఖర్చు 650 + 588 = 1,238. మిగులు 262.

మూడో మూల బిందువును స్కేలుతో కొలవకుండా లెక్కగట్టండి. ఆ రెండు గీతల మధ్య కోణం చిన్నది, పెన్సిలు మందం తేడాకే ఖండన బిందువు కొంచెం అటూ ఇటూ జరుగుతుంది.

ఇదంతా దేనికంటే, ధరలు మారినప్పుడు ఏం చేయాలో ముందే తెలియడానికి. గుడ్డు ధర ధ అయితే 650 + 84ధ ≤ 1,500, అంటే ధ ≤ 10.11. గుడ్డు పది రూపాయలయ్యే దాకా ఈ ఏర్పాటు నిలుస్తుంది. పప్పు వైపు చూస్తే, ఈసారి ధ కిలో పప్పు ధర అనుకుని, 5ధ + 588 ≤ 1,500, ధ ≤ 182.4. కందిపప్పు 2015లో కిలో 200 కూడా దాటింది. అలాంటప్పుడు ఈ రెంటికీ 1,588 అవుతుంది, బడ్జెట్ చాలదు. వెంటనే చేసే పని పప్పు తగ్గించడం, అది ఇక్కడ పొరపాటు. కిలో 200 ఉన్నా పప్పులో రూపాయికి 1.1 గ్రాముల మాంసకృత్తులు వస్తున్నాయి. 7 రూపాయల గుడ్డులో రూపాయికి 0.86. పప్పు తగ్గించి ఆ లోటు గుడ్లతో పూడిస్తే ఖర్చు ఇంకా పెరుగుతుంది. పప్పు ధర 256 దాటితేనే పరిస్థితి తారుమారవుతుంది. 200 దగ్గర చేయాల్సింది చవగ్గా దొరికే శనగపప్పో పెసరపప్పో కొంత కలపడం, లేదా ఉమ్మడి వెసులుబాటులోంచి 88 రూపాయలు ఇటు తేవడం.

గుడ్డు తినని ఇళ్లలో గ స్థానంలో పెరుగో వేరుశనగలో పెట్టి, గుణకాలు మార్చి ఇదే లెక్క వేయొచ్చు.

రెండు రాశులు దాటితే కాగితం మీద గ్రాఫు పనికిరాదు. ఎక్సెల్‌లో ఆప్షన్స్‌లోని యాడ్-ఇన్స్‌కు వెళ్లి, షరతులు ఇస్తే మేలైన జవాబు వెతికిపెట్టే సాల్వర్ తెచ్చుకోండి, డేటా ట్యాబ్‌లో కనిపిస్తుంది. పద్ధతి దగ్గర జీఆర్‌జీ నాన్‌లీనియర్ ముందే ఎంపికై ఉంటుంది, దాన్ని సింప్లెక్స్ ఎల్‌పీకి మార్చాలి. గుడ్ల గడికి ఇంటీజర్ షరతు పెట్టి, ఆప్షన్స్‌లో ఇంటీజర్ ఆప్టిమాలిటీని 1 శాతం నుంచి 0 చేయండి, లేకపోతే మంచి జవాబుకు దగ్గర్లోనే ఆగిపోతుంది. లిబ్రే ఆఫీస్‌లోనూ టూల్స్ కింద సాల్వర్ ఉంది.

యంత్రం చేతికి ఇచ్చేటప్పుడు నాలుక షరతుల్ని మరిచిపోవద్దు. అమెరికా ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ 1945లో 77 ఆహార పదార్థాలు, 9 పోషకాలతో ఒక మనిషికి ఏడాదికి అతి చవకైన తిండి లెక్కగట్టారు. 1939 ధరల్లో 39.93 డాలర్లు వచ్చింది. జాబితాలో గోధుమపిండి, డబ్బా పాలు, క్యాబేజీ, పాలకూర, ఎండు బీన్స్ తప్ప ఇంకేమీ లేవు. రుచి గురించి ఒక్క షరతూ రాయలేదు కాబట్టి లెక్క దాన్ని పట్టించుకోలేదు. మన లెక్కలో ప ≤ 5 చేసిన పని అదే. అది లేకపోతే జవాబులో 5.64 కిలోల పప్పు వచ్చి, గుడ్లు కనీసం దగ్గరే ఆగిపోయేవి.

నెల మొత్తం సరిపోయినా మధ్యలో తెగే చోటు

నెలకు ఒకే అసమీకరణం రాసి ఊరుకుంటే, తారీఖులు దెబ్బ కొడతాయి. జీతం ఏడో తారీఖున పడుతుంది, అద్దె, ఈఎంఐ అయిదున పోతాయి అనుకోండి. అయిదు నాటికి 14,500 + 3,200, మొదటి ఏడు రోజుల వంటింటి ఖర్చు 2,100. ఒకటో తారీఖున ఖాతాలో ఉండాల్సిన మిగులు మ ≥ 19,800. నెల లెక్కలో 600 వెసులుబాటు ఉన్నా, ఇది లేకపోతే ఈఎంఐ బౌన్స్ అయి చార్జీలు పడతాయి. ప్రతి చెల్లింపు తారీఖుకూ ఒక వరుస రాయండి: ఆ రోజు దాకా పోయింది ≤ ఆ రోజు దాకా వచ్చింది + మొదటి మిగులు. ఇంటి యజమానిని అడిగి అద్దెను పదో తారీఖుకు మార్చుకోగలిగితే అదే మిగులు 5,300 చాలు.

గీత సూటిగా లేని చోటు: కరెంటు బిల్లు

ఇప్పటిదాకా ప్రతి యూనిట్టుకూ ఒకే ధర అనుకున్నాం. కరెంటు బిల్లుకు అది చెల్లదు. తెలంగాణ 2022–23 టారిఫ్‌లో నెలకు 100 దాటి 200 యూనిట్లలోపు వాడిన ఇంటికి మొదటి 100 యూనిట్లకు 3.40 చొప్పున, తర్వాతి 100కు 4.80 చొప్పున ఎనర్జీ చార్జీలు. 200 దగ్గర 820 రూపాయలు. 201కి చేరితే ఇల్లు వేరే వర్గంలోకి వెళ్తుంది, అక్కడ మొదటి 200 యూనిట్లకూ 5.10 చొప్పున, ఆపైన 300 దాకా 7.70 చొప్పున పడుతుంది: 1,020 + 7.70 = 1,027.70. ఒక్క యూనిట్టుకు 207.70 పెరిగింది. గృహజ్యోతి అర్హత ఉన్న ఇంటికి 200 దాకా సున్నా బిల్లు కాబట్టి ఆ ఒక్క యూనిట్టు విలువ వెయ్యి దాటుతుంది. ఇలాంటి మెట్లున్న చోట రూపాయల మీద అసమీకరణం రాయకండి, యూనిట్ల మీద రాయండి: య ≤ 200. ఇందులో 200 కలిసే ఉంది, 201 లేదు.

ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు, మోటారుకు నెలకు 130 యూనిట్లు, ఏసీ గంటకు 1.2 యూనిట్లు అయితే 130 + 1.2గ ≤ 200. ఏసీ గంటలు 58.33, అంటే 58. రోజుకు రెండు గంటలు కూడా రాదు.

వేసవిలో నెల మధ్యలో ఒకసారి మీటరు చూడండి. గత రీడింగ్ నుంచి పదిహేనో రోజుకు 112 యూనిట్లు అయ్యాయనుకుందాం. మిగిలినవి 88. మిగతా పదిహేను రోజుల మామూలు వాడకానికి 65 పక్కన పెడితే 1.2గ ≤ 23, గ ≤ 19. పదిహేను రోజులకు పంచితే రోజుకు గంటా పావు. పడుకునే ముందు ఏసీకి అంతే టైమర్ పెట్టి, ఆ తర్వాత ఫ్యాను వేసుకోవాలి.